పొత్తు గాజులు

అనగనగా మూలకాపురమని ఒక ఊరట. నవ్వకండి. మీ తాతయ్య సైన్సు మేష్టారు కదా, మా ఇంట్లో కథల్లో ఊళ్ళ పేర్లు ఇలాగే ఉండేవి. ఆ ఊళ్ళో వీధులన్నీ గీత గీసినట్టు నిలువుగా ఉంటాయి. ఏ వీధి వాళ్ళకి ఆ వీధి గుణం. మొదటి వీధి వాళ్ళది ఇచ్చే చెయ్యి. అటు చివర వీధుల వాళ్ళది లాక్కునే చెయ్యి. కొట్టకొస వీధిలో మాత్రం దొరసానులుంటారు. ఇవ్వరు, పుచ్చుకోరు, పలకరిస్తే పలకరు, తలుపే తియ్యరు. ఎందుకు తీస్తారు, వాళ్ళ చేతులకి ఎనిమిదేసి గాజులున్నాయి. ఆ ఊళ్ళో ఎనిమిది గాజులుంటేనే నిండు చెయ్యి. లేనివాళ్ళకి కుదురుండదు.

మొదటి వీధిలో మొదటి ఇంటి పిల్లలు కవలలు, పెద్ద ఉదజని, చిన్న ఉదజని. మీ పుస్తకంలో హైడ్రోజన్ అని రాస్తారే, ఆ పిల్లలే. ఆ ఊళ్ళోకెల్లా తేలిక, గాలికి లేచిపోయేలా ఉంటారు. బుల్లి చేతులు కనక రెండు గాజులుంటే వాళ్ళకి నిండినట్టే. కానీ ఉన్నది తలా ఒకటి. ఇద్దరినీ ఒకే ఇంటికి కోడళ్ళుగా ఇచ్చారు. అత్తగారు ఆమ్లజనమ్మ, అంటే మీ ఆక్సిజన్. ఆవిడ పొయ్యి దగ్గరికొస్తే మంట లేస్తుంది, ఇనప బాణలి ముట్టుకుంటే తుప్పు పడుతుంది. కోడళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, నిప్పురవ్వ కనపడితే భగ్గుమంటారు. అత్తగారికి రెండు చేతులకీ కలిపి ఆరు గాజులు. ఇంకా రెండు కావాలి.

ఊ కొడుతున్నారా? భార్గవా, నీది వినపడలేదు. చెల్లెలొక్కతే కొడుతోంది.

గాజుల కోసం ఊళ్ళో రోజూ లాగులాటలే. రాజుగారు విసిగిపోయి చాటింపు వేయించాడు. పండగ నాటికి చెయ్యి నిండనివాళ్ళు ఊరు విడిచి పోవాలని.

ఉదజనుల వీధిలోనే సోడమ్మ ఉంది. సోడియం. ఆవిడకి లోపలి వరస నిండుగానే ఉంది, పైన ఒంటి గాజొకటి ఎక్కువై గలగలమంటుంది. అవతల లాక్కునే వీధిలో క్లోరమ్మకి, అంటే మీ క్లోరిన్‌కి, ఏడున్నాయి, ఒకటి తక్కువ. సోడమ్మ ఆ ఒంటి గాజు తీసి క్లోరమ్మకిచ్చేసింది. ఇద్దరికీ చేతులు నిండాయి. అప్పట్నించీ ఒకళ్ళనొకళ్ళు వదలరు. సోడమ్మ విడిగా ఉన్నప్పుడు నీళ్ళలో పడితే చిటపటలాడేది, క్లోరమ్మ వాసనకి ఊపిరాడేది కాదు. ఇద్దరూ కలిసి ఉప్పయ్యారు, మన పులుసులోకొచ్చారు.

అది చూసి ఆమ్లజనమ్మ కోడళ్ళని పిలిచింది. మీరూ మొదటి వీధి పిల్లలేగా, సోడమ్మ ఇవ్వలేదూ, మీ గాజులు కూడా తీసివ్వండి, నాకు ఎనిమిదవుతాయి అంది. పెద్ద ఉదజని చేతికేసి చూసుకుంది. సోడమ్మకి లోపల ఇంకో వరస ఉంది. తనకేముంది? ఈ ఒక్కటీ తీసేస్తే బోసిచెయ్యే. ఇస్తే తనూ చెల్లెలూ ఊరు దాటాలి, ఇవ్వకపోతే ముగ్గురూ దాటాలి. చెల్లెలు ఏడుస్తూ కూచుంది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఎన్ని కోపాలున్నా మధ్యాహ్నం ముగ్గురూ ఒకే విస్తట్లో పొత్తుకు కూచోవాలి. ఆ పూటా కూచున్నారు, ఎవరి మొహం వాళ్ళు తిప్పుకుని. పక్కింటావిడ వచ్చి, తిన్నారా అని పేరుపేరునా అడిగింది. తిన్నానని అత్తగారంది, తిన్నానని చిన్న ఉదజని అంది. పెద్ద ఉదజని తినకుండా విస్తరికేసి చూస్తోంది. అన్నం ఒక్క రాశే. ఎవరిదంటే ముగ్గురిదీ.

పెద్ద ఉదజని చెయ్యి కడుక్కోకుండానే అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఇవ్వొద్దు, పుచ్చుకోవద్దు, పొత్తు పెట్టుకుందాం అత్తయ్యా అంది. మీదొకటి, నాదొకటి, పట్టుకున్న చేతుల మీదకి జారుద్దాం, రెండూ మీవే, రెండూ నావే అంది. ఆమ్లజనమ్మ కసిరింది. తర్వాత వేళ్ళ మీద లెక్కేసుకుంది. తర్వాత రెండో చెయ్యి చిన్న కోడలి వైపు చాపింది.

పండగనాడు ముగ్గురూ రాజుగారి ముందు నిలబడ్డారు. అత్తగారు మధ్యన, చేతులు కాస్త వంచి చెరోపక్కా చాపింది, చెరో కోడలూ పట్టుకుంది. మొత్తం ఉన్నవి ఎనిమిదే కదా, ముగ్గురికెలా సరిపోతాయన్నాడు రాజు. చేతులు విడదీసి చూపించమన్నాడు. విడదీయకుండా లెక్కపెట్టండి అంది పెద్ద ఉదజని. మీరూ చిన్నరాజుగారూ పొత్తుకు కూచుంటే, అన్నం మీదే, చిన్నరాజుగారు పస్తు అంటారా అని అడిగింది. రాజు లెక్కపెట్టాడు. అత్తగారి చేతుల మీద ఎనిమిది. కోడళ్ళకి రెండేసి.

సరిగ్గా చూద్దామని రాజు దివిటీ దగ్గరికి తెప్పించాడు. నిప్పురవ్వ ఒకటి రాలింది. ఢామ్మంది. అందరూ తలలు పట్టుకుని కింద కూచున్నారు. ఈ ముగ్గురూ భగ్గుమన్నారు, ఊరంతా బూడిదే అనుకున్నారు. కాసేపటికి రాజు కళ్ళు తెరిస్తే దివిటీ ఆరిపోయి ఉంది. ఆయన మీసం తడిగా ఉంది. ఇంకో దివిటీ తెమ్మన్నాడు, అదీ తుస్సుమంది. మంట పెట్టే ముగ్గురూ చేతులు కలిపి, మంటలార్పే నీళ్ళయ్యారు. అప్పట్నించీ దాహమేసినా, ఇల్లు అంటుకున్నా ఊరంతా వాళ్ళింటికే. పెద్ద ఉదజని ఊరు దాటలేదు సరికదా, ఆవిడ లేకపోతే ఊరికి గొంతు తడవదు.

ఇవ్వలేనప్పుడు పొత్తు పెట్టుకోవాలమ్మా. అంతే.

భార్గవా, వడియం తినేసిందని ఇందాక చెల్లితో పొత్తుకు కూచోనన్నావు. రేపు కూచుంటావా? సరే. ఇదిగో, ఈ గ్లాసులోవి చెరి సగం తాగండి. ఆమ్లజనమ్మా, కోడళ్ళూ చేతులు పట్టుకునే ఉన్నారు ఇందులో. కథ కంచికి పోయింది, మంచినీళ్ళు గొంతులోకి పోయాయి, మనం దుప్పట్లోకి.