లేవనిబంతి

మొలకపాడుకు నాలుగు మైళ్ళ దూరంలో, ఎర్రవాగు నడుమనున్న ఇసుకతిన్నె మీద లేవనిబంతి అమ్మవారు వెలసి ఉన్నారు. బస్సు దిగిన భక్తులు మోకాలి లోతు నీటిలో నడిచి రావాలి. వంతెన కట్టిస్తామన్నవారు చాలామంది ఉన్నారు, కట్టించినవారు లేరు. ఇక్కడ గోపురం లేదు, చెక్కిన విగ్రహం లేదు. పళ్ళెమంత చదునైన నల్లరాయే అమ్మవారు. వానాకాలంలో రెండు నెలలు ఆ రాయి నీటి కిందనే ఉంటుంది. అప్పుడు అర్చకుడు గట్టు మీద నుంచే హారతి ఇస్తాడు. దర్శనం కాలేదని ఆ రోజుల్లో ఎవరూ బాధపడనక్కరలేదు, అది అర్చకునికీ కాదు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఊరూ లేదు. వాగు దాటే రేవు మాత్రం ఉండేది. మొలకపాడు సంస్థానాన్ని ఏలిన పెద్దరాజు వారసుని పేరు చెప్పకుండానే కాలం చేశాడు. పెద్దరాణి కొడుకు తిమ్మరాజు, చిన్నరాణి కొడుకు కొండలరాయుడు గద్దె నాదంటే నాదన్నారు. నెల తిరగకముందే సైన్యం రెండుగా చీలింది. చీలిందంటే న్యాయాన్యాయాలు విచారించి చీలిందనుకోరాదు. ఆ రోజున కోటలో కాపలా ఉన్నవారు కొండలరాయుడి వారయ్యారు, సెలవు మీద ఊళ్ళకు పోయినవారు తిమ్మరాజు వారయ్యారు. తమ్ముడికి ధాన్యపు కొట్లు దక్కాయి, అన్నకు వాగు అవతలి గడ్డిబీళ్ళు దక్కాయి. ఒకరి గుర్రాలకు మేత లేదు, ఒకరి మనుషులకు గింజ లేదు. కాబట్టి ఇద్దరికీ ఈ రేవు కావలసి వచ్చింది. దక్షిణపు గట్టున కొండలరాయుడి సేన, ఉత్తరపు గట్టున తిమ్మరాజు సేన దిగాయి. తిమ్మరాజు వైపు రెండు ఫిరంగులుండేవి. మందు కోటలో ఉండిపోవడం వల్ల వాటి మీద సిపాయిలు పంచెలు ఆరవేసుకునేవారు.

మూడు వారాలు ఎవరూ కదలలేదు. రెండు దండుల వారూ ఒకే ఊళ్ళవారు, వియ్యాలందుకున్నవారు. నీళ్ళకు దిగినప్పుడు పలకరింపులు తప్పేవి కావు.

"ఏం బావా, మా చెల్లెల్ని ఇంట్లో వదిలి మా మీదికే కత్తి పట్టుకొచ్చావా?"

"మీ చెల్లెలు చేసిన సంకటి తినడం కన్నా మీ కత్తిపోటే నయం, బావా!"

సంస్థానంలో నగారా ఒక్క వంశానికే హక్కు. వారిలో అన్న సిద్దప్ప కోటలో చిక్కుకుని కొండలరాయుడి నగారా కొడుతున్నాడు. తమ్ముడు ఈరప్ప తిమ్మరాజు నగారా కొడుతున్నాడు. ఇద్దరికీ నేర్పినది ఒక్క తండ్రే. ఒకనాటి ఉదయం సిద్దప్ప కాపలా మార్పుకు దెబ్బ కొడితే తిమ్మరాజు గట్టున కాపలావారు కూడా మారిపోయారు. రెండు వైపులా నవ్వుకున్నారు. తిమ్మరాజు దళవాయి రామినీడు మాత్రం నవ్వలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొలకపాడు సైన్యంలో భోజనపు దెబ్బకు ఒక కట్టడి ఉండేది. ఎప్పుడో అన్నాల దగ్గర తగవు వచ్చి పదకొండుమంది చచ్చారట. అప్పటి నుంచి ఆ దెబ్బ వినగానే ఆయుధాలు కుప్పవేసి బంతిగా కూర్చోవాలి. మొదటి ముద్ద అమ్మవారికి. బంతి వేసిన నగారావాడే మళ్ళీ లేపుడు దెబ్బ కొట్టాలి. అంతవరకు ఆయుధం ముట్టడం మహాపాపం. లేపుడు దెబ్బకు ముందు పాము కనబడినా కర్ర తీసేవారు కారని పెద్దలంటారు. ఇది కొంత అతిశయోక్తి కావచ్చు.

రామినీడు పథకం ఈ కట్టడి మీదనే నడిచింది. మరునాటి మధ్యాహ్నం ఈరప్ప భోజనపు దెబ్బ కొట్టాలి. అవతలివారు అలవాటు కొద్దీ ఆయుధాలు దించి కూర్చుంటారు. ఏరి ఉంచిన రెండు వందలమంది మాత్రం కూర్చోకుండా వాగు దాటి నరకాలి.

"మా అన్న కూడా కూర్చుంటాడు దొరా" అన్నాడు ఈరప్ప.

"కూర్చోనీ. కొట్టకపోతే నీ తల ముందు పోతుంది. నగారా కొట్టేవాణ్ణి మరొకణ్ణి చూసుకుంటాను" అన్నాడు రామినీడు.

ఆ మరునాడు పొద్దెక్కాక నగారా మోసే ఎద్దుకు ఆనుకుని కూర్చున్న ఈరప్పకు కునుకు పట్టింది. కలలో ఎర్రచీర కట్టిన ముసలమ్మ ఖాళీ విస్తరి ముందు కూర్చుని ఉంది. "ఆ దెబ్బ వినగానే అందరికన్నా ముందు వచ్చేది నేను. నన్ను అబద్ధానికి పిలవకు" అన్నది. ఏమి చేయాలో మాత్రం చెప్పలేదు.

మధ్యాహ్నం ఈరప్ప భోజనపు దెబ్బ కొట్టాడు. అవతలి గట్టున వందలమంది కత్తులు దించి కూర్చున్నారు. రహస్యం పొక్కకూడదని రామినీడు తక్కినవారికి చెప్పనందువల్ల ఇవతలి గట్టున కూడా సేన అంతా కూర్చున్నది. రెండు వందలమంది మాత్రం పిడుల మీద చేతులుంచి నిలబడ్డారు. వారు అడుగు వేయకముందే ఈరప్ప మొలలోని కత్తి తీసి నగారా తోలు అడ్డంగా చీల్చాడు. కత్తి అక్కడే పారవేశాడు. తన సంకటి మూట తీసుకుని వాగులోకి దిగి ఈ తిన్నె మీదికి వచ్చాడు. నల్లరాయి మీద మొదటి ముద్ద పెట్టి, కూర్చుని తినసాగాడు. మొదటి ముద్ద పడ్డాక అది నిజమైన బంతే గనుక రెండు వందలమందికీ అడుగు పడలేదు.

"లేపుడు దెబ్బ కొట్టరా!" అని అరిచాడు రామినీడు.

"తోలు లేదు దొరా."

రెండు వందలమందికి నాయకుడు మస్తాను సాహెబు. అప్పటికే నలభై ఏళ్ళ కొలువు చేసినవాడు. ఆయన నడుము నుంచి కత్తి విప్పి నేల మీద పెట్టాడు.

"నలభై ఏళ్ళు ఈ దెబ్బకు కూర్చున్నాను దొరా. నేను లేస్తానన్నా నా మోకాళ్ళు ఒప్పుకోవు" అని చతికిలబడ్డాడు. వెనకాల ఉన్నవారు ఒక్కొక్కరే కూర్చున్నారు.

రామినీడు పంతం వదలలేదు. "సిద్దప్పా, నువ్వు కొట్టు!" అని అవతలి గట్టుకు కేక వేశాడు. బంతి లేపాలని శత్రువు తొందరపడటం చూసిన తర్వాత అక్కడ ఎవరికీ ఏమీ వివరించవలసిన పని లేకపోయింది.

"వేసింది వాడు దొరా, నేను లేపితే చెల్లదు" అన్నాడు సిద్దప్ప. తన ముంత తీసుకుని తిన్నె మీదికి వచ్చి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. తమ్ముడి సంకటి ఒక ముద్ద నోట పెట్టుకున్నాడు. "ఉప్పు వేయడం నీకు ఎప్పుడు వస్తుందిరా?" అన్నాడట.

సాయంత్రానికి సిపాయిలు లేపుడు దెబ్బ లేకుండానే ఒకరొకరుగా ఊళ్ళ దారి పట్టారు. కుప్పవేసిన ఆయుధాలు కుప్పగానే ఉండిపోయాయి. రామినీడు ఈరప్ప కుడిచేతి రెండు వేళ్ళు తీయించాడు. తల తీయమంటే తీసేవాడు దొరకలేదు. యుద్ధం ఆగిపోయిందని కొందరు చెబుతారు గాని అది నిజం కాదు. కూలికి తెచ్చిన పరాయి దండులతో అన్నదమ్ములు ఏడాదిన్నర పోరాడారు, ఊళ్ళు కాలాయి. చివరకు ఈ వాగే హద్దుగా సంస్థానాన్ని పంచుకున్నారు. కాని ఆనాడు బంతిలో కూర్చున్నవారి చేత మాత్రం ఇద్దరిలో ఎవరూ మళ్ళీ కత్తి పట్టించలేకపోయారు. "మా బంతి ఇంకా లేవలేదు" అనేవారట.

ఏటా మాఘమాసంలో మొదటి ఆదివారం నాడు ఈరప్ప వంశస్థులు భోజనపు దెబ్బ కొట్టి, వెంటనే తోలు చీలుస్తారు. ఎవరి పక్కన చోటు దొరికితే వారి పక్కనే కూర్చోవాలి, మనిషిని చూసి లేవకూడదు. కోర్టుకెక్కిన దాయాదులు, మాటలు లేని తోడికోడళ్ళు ఒకే బంతిలో తిని వెళ్ళడం ఏటా చూస్తున్నదే. జనం పెరిగారని ఒక కమిటీవారు బంతులు లేపడానికి గంట కట్టించారు. మరుసటి ఏటికి గంట నాలుక కనబడలేదు, ఎవరూ వెతకనూ లేదు. అందుచేత వడ్డన ఆలస్యమవుతుంది. భక్తులు ఓపిక పట్టాలి. తినడం ముగిసినవారు విస్తరి మడవకుండా, ఎవరికీ చెప్పకుండా వెళ్ళవచ్చు.

ఇక్కడ భోంచేసినవారికి అమ్మవారు సిరులిస్తారని మేము చెప్పము. ఈ రెండు గట్ల ఊళ్ళలో తగవు ముదిరి చేయి లేచినప్పుడు పక్కనున్నవారు ఒక మాట అంటారు: "బంతిలో ఉన్నావు." లేచిన చేయి దిగుతుంది.