తిట్ల ఘట్టం

వకుళమ్మగారిని ఎవరైనా సంగీతం గురించి సందేహం అడిగితే ఆవిడ జవాబు చెప్పేది కాదు. హార్మోనియం ముందుకు లాక్కుని, "ఏదీ, పాడు చూద్దాం" అనేది. చాలామంది సందేహాలు ఆ దెబ్బకే తీరిపోయేవి. తీరనివాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు. అలా పదకొండేళ్ళుగా వస్తున్న శిష్యుడు సుదర్శనం.

ఈసారి అతను తెచ్చిన సందేహం చిన్నది కాదు. అతను పాటలు నేర్పే పంచదార ఫ్యాక్టరీ కాలనీలో రెండు వీధులున్నాయి. ఒకటి గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళది, రెండోది తంజావూరు వైపు నుంచి వచ్చినవాళ్ళది. బడి మాత్రం ఒక్కటే. కుళాయి దగ్గర మొదలైన పేచీ ముదిరి ముదిరి బడిదాకా వచ్చింది. పొద్దున ఒక వీధి పిల్లలకీ, మధ్యాహ్నం రెండో వీధి పిల్లలకీ విడివిడిగా పాఠాలు చెప్పాలని హెడ్మాస్టరుకి ఇవ్వడానికి అర్జీ తయారైంది. తెలుగువీధి తరఫున ఫిట్టరు వరహాలరావు, తమిళవీధి తరఫున గుమాస్తా అరుణగిరి దానిమీద సంతకాలు చేశారు. ఆ రెండు వీధులూ కలిసి చేసిన పని ఏదైనా ఉంటే అదొక్కటే. వార్షికోత్సవం కాగానే ఇచ్చేద్దామనుకున్నారు.

ఆ వార్షికోత్సవానికే సుదర్శనం ఇరవైనలుగురు పిల్లలతో, మొదటినుంచి చివరిదాకా పాటలతోనే నడిచే నాటకం ఒకటి కట్టాడు. ఏటికి అటొక ఊరు, ఇటొక ఊరు, మధ్య ఒక్క పడవ. పడవ మాదంటే మాదని రెండూళ్ళవాళ్ళూ తిట్టుకుంటారు, చివరికి కలిసిపోతారు.

"అమ్మగారూ, ఒకరి మాట ఒకరికి తెలియని పిల్లల్ని పాటతో కలపడం ఎలాగండీ? సఖ్యతాగీతం తొమ్మిది చరణాలు రాశాను. మూడో చరణానికే ఆవలిస్తున్నారు" అన్నాడు.

"ఏదీ, పాడించు చూద్దాం" అని ఆవిడ రిక్షా ఎక్కి అతని వెంట వచ్చింది.

సఖ్యతాగీతం వినకుండానే, ముందు తిట్ల ఘట్టం పాడించమంది. భూషణం అనే పదేళ్ళవాడు తలపాగా సర్దుకుని ముందుకొచ్చి, ఎదుటి ఊరి నాయకురాలిని తారస్థాయిలో "గాడిదా!" అన్నాడు. ఆ నాయకురాలు తేన్‌మొళి అనే పిల్ల. అదేదో పొగడ్త అనుకుని వినయంగా నమస్కారం పెట్టింది. తన వంతు రాగానే అదే మాట తమిళంలో "కళుదై!" అని విసిరింది. భూషణం వీపు గోక్కున్నాడు.

"చూశారా అమ్మగారూ? తిట్టు తగలడమే లేదు" అన్నాడు సుదర్శనం దిగులుగా.

"తెలియని మాటతో తిడితే ఎవరికి తగులుతుందయ్యా? వాడిచేత తమిళంలో తిట్టించు. ఆ పిల్లచేత తెలుగులో."

సుదర్శనం గబగబా గుమ్మందాకా వెళ్ళి, ఎవరైనా విన్నారేమోనని బయటికి తొంగిచూశాడు. సఖ్యత కోసమని పిల్లల్ని పోగుచేసి, రెండేసి భాషల్లో తిట్లు నేర్పాడని తెలిస్తే తనను కాలనీ గేటులోపల అడుగుపెట్టనిస్తారా? కానీ ఆవిడ అప్పటికే శ్రుతి అందుకుంది. ఇక మాట అయిపోయిందని దానికి అర్థం.

మర్నాటినుంచి తమాషా మొదలైంది. భూషణం గుండెలనిండా గాలి పీల్చి "కలుదై!" అన్నాడు. తేన్‌మొళి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇప్పడి ఇల్ల!" అని తల అడ్డంగా ఊపింది. నోరు బార్లా తెరిచి, నాలుక వెనక్కి ఎలా మడవాలో చూపించింది. వాడు "కరుదై" అన్నాడు. ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది. తనను సరిగ్గా తిట్టేదాకా వాణ్ణి వదిలిపెట్టేలా లేదు. తీరా తన వంతు వచ్చేసరికి "కాడిదా!" అంది. ఈసారి వాడికి పౌరుషం వచ్చింది. "కా కాదు, గా! గా!" అని, ఆ పిల్ల చెయ్యి తన గొంతుమీద పెట్టించి, అక్కడ అదురు ఎలా పుడుతుందో చూపించాడు. కాసేపటికి ఇరవైనలుగురూ ఒకరి గొంతులు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. గుమ్మంలోంచి చూసిన అటెండరు కొట్టుకుంటున్నారనుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఒక్క మాట సరిపోలేదు. పందికేమంటారు, సోమరిపోతునేమంటారు అని అడిగి తెలుసుకున్నారు. తిట్లు అయిపోయాక ఇక వేరే దారిలేక వంకాయనేమంటారు, మేనత్తనేమంటారు అనేదాకా వెళ్ళారు. సుదర్శనం మాత్రం వార్షికోత్సవం తలుచుకుని అన్నం సహించక చిక్కిపోయాడు.

ఆ రోజు రానే వచ్చింది. హాలులో నడిమి దారికి అటొక వీధి, ఇటొక వీధి కూర్చున్నాయి. తిట్ల ఘట్టంలో భూషణం ముందుకొచ్చి, అంతమందిని చూసి తడబడి, మళ్ళీ "కలుదై!" అన్నాడు. తమిళవీధి వైపునుంచి అరుణగిరి లేచి నిలబడ్డాడు. తెర వెనక సుదర్శనం కళ్ళు మూసుకున్నాడు.

"అలా కాదు బాబూ," అన్నాడు అరుణగిరి వచ్చీరాని తెలుగులో, "నాలిక వెనక్కి! క... ళు... దై!"

వెనకనుంచి ఆ వీధి ఆడవాళ్ళందరూ గొంతు కలిపారు. భూషణం ఈసారి సరిగ్గా అనేసరికి హాలు చప్పట్లతో మారుమోగింది. తేన్‌మొళి "గాడిదా!" అని గంట కొట్టినట్టు అంది. ఇటు వీధివాళ్ళు ఊరుకుంటారా? వరహాలరావు ఈల వేసి "వన్స్‌మోర్!" అన్నాడు. ఆ ఘట్టం నాలుగుసార్లు పాడారు. నాలుగోసారికి పిల్లల గొంతులు వినపడలేదు. పెద్దలే నడిమి దారికి అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు గాడిదలంటూ, తప్పులు దిద్దుకుంటూ పాడేస్తున్నారు. అప్పటికి భోజనాల వేళ దాటిపోయింది. వాచ్‌మన్ వచ్చి దీపాలు ఆర్పుతానన్నాడు.

సుదర్శనం కాగితాలు పట్టుకుని గురువు దగ్గరకొచ్చాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ. "అమ్మగారూ, తొమ్మిది చరణాలు! సఖ్యతాగీతం పాడనే లేదండీ!"

హెడ్మాస్టరు అర్జీ తీసుకోవడానికి ఇంకా వేదిక పక్కనే నిలబడి ఉన్నాడు. ఇవ్వవలసినవాళ్ళిద్దరికీ ఆ ధ్యాసే లేదు. అరుణగిరి నోరు తెరిచి నాలుక మడిచి చూపిస్తున్నాడు. వరహాలరావు కళ్ళజోడు పెట్టుకుని లోపలికి తొంగి చూస్తున్నాడు.

వకుళమ్మగారు వాళ్ళవైపు కాసేపు చూసి, చెప్పులు వేసుకుంటూ అంది: "ఎలా పాడిస్తావు నాయనా? వాళ్ళు తిట్టుకోవడం ఆపితే కదా."