ముద్ర ఇచ్చినవాడి ప్రయాణం

మేఘగిరి రాజ్యంలో బండి వెనక మరో బండి కట్టుకుని కనుమ దిగాలంటే, శకటాధికారి ప్రతాపవర్మ పరీక్ష పెట్టి అనుమతి ముద్ర ఇవ్వాలి. ముందుబండిని ఆపినా వెనకబండి తోసుకొస్తుంది. పట్టు తెలియనివాడు తోలితే రెండూ లోయలో పడతాయి.

నూకాలు తన తండ్రి దగ్గర ఆ విద్య నేర్చింది. పరీక్షకు ఎన్నిసార్లు వెళ్లినా, "ఆడదానికి ముద్రేమిటే?" అంటూ ప్రతాపవర్మ ఆమెను తోలనివ్వకుండానే పంపేసేవాడు.

ఒకనాడు రాజమాత తీర్థయాత్రకు బయలుదేరింది. ఆవిడ కోసం పైకప్పూ పడకా ఉన్న ఇల్లులాంటి బండిని వెనక కట్టారు. తోలడానికి ప్రతాపవర్మ తన మేనల్లుడికి ముద్ర ఇచ్చి నిలబెట్టాడు. వాడు ఏనాడూ జంటబండి తోలిన పాపాన పోలేదని ఊరందరికీ తెలుసు.

జనంలో ఉన్న నూకాలు ముందుకొచ్చి, తల్లిని సాగనంపడానికి వచ్చిన రాజుకు దండం పెట్టింది.

"మహారాజా, అమ్మగారు ఎక్కకముందే బండిని ఒకసారి కిందిదాకా దింపి చూస్తే మంచిది. ముద్ర ఇచ్చిన అయ్యగారు వెనక కూర్చుంటే సరిపోతుంది."

రాజుకు ఆ మాట నచ్చింది. "ఎక్కండి వర్మగారూ," అన్నాడు.

ప్రతాపవర్మ లోయవంక చూశాడు, మేనల్లుడివంక చూశాడు.

"ఎక్కుతాను ప్రభూ. పగ్గాలు మాత్రం నూకాలుకు ఇప్పించండి."

"ఆమెకు ముద్ర లేదుగా?"

"ఇప్పుడే ఇచ్చేస్తాను ప్రభూ!"

"అలా వద్దండయ్యా," అంది నూకాలు పగ్గాలు అందుకుంటూ. "తోలి చూపించాకే తీసుకుంటాను. ఎక్కి కూర్చోండి."