వరాలు చాప, బుల్లబ్బాయి నూనెడబ్బా

కోనసీమలో ఒక ఊరి సంతవీధి చివర, కుట్టు మిషన్లు బాగుచేసే బుల్లబ్బాయి ఇంట్లో నలుగురుండేవారు. బుల్లబ్బాయి, అతని పెళ్ళాం వరాలు, తమ్ముడు చిట్టబ్బాయి, మరదలు పాపాయమ్మ. నలుగురూ తెలివైనవాళ్ళే. ఆ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. అనుకుని ఊరుకోకుండా "ఇది తెలివైనవారి ఇల్లు" అని పెద్ద బోర్డు కూడా రాయించారు. బయట కొడితే వానకి తడిసిపోతుంది కదా, అందుకని పడకగదిలో గోడకి కొట్టారు. రోజూ పొద్దున్నే లేచి అది చదువుకుని, "హమ్మయ్య, మన ఇల్లే" అనుకున్నాకే పళ్ళు తోముకునేవారు.

వరాలికి నలభై ఆరేళ్ళు. నెలసరి ఒకసారి వస్తే మూడు నెలలు ముఖం చాటేస్తోంది. దాని వెనకే ఇంకో కష్టం వచ్చిపడింది. ఇదివరకు మొగుడితో కలిస్తే హాయిగా ఉండేది. ఇప్పుడు లోపలంతా ఎండిపోయి, గీరుకుపోయినట్టు నొప్పి. చెబితే ఆయన బాధపడతాడు. బాధపడి అసలు దగ్గరికే రావడం మానేస్తే? మొగుడంటే ఆమెకి ప్రాణం. అందుకని బాగా ఆలోచించి, చెప్పకుండా, నొప్పి చేసిన ప్రతిసారీ మర్నాడు తన చాపని జానెడు దూరం జరిపేది.

బుల్లబ్బాయి కనిపెట్టాడు. తెలివైనవాడు కదా.

"నేల వాలుగా ఉన్నట్టుంది వరాలూ. నిద్దట్లో జారిపోతన్నావు" అని ఆమె చాపకి అవతల రెండు ఇటికలు అడ్డం పెట్టాడు.

వరాలు ఇటికల అవతలికి జరిగింది. బుల్లబ్బాయి ఇంకో నాలుగు పెట్టాడు. ఆమె మళ్ళీ జరిగింది. ఇలా జరిగి జరిగి చాప వంటింట్లో తేలింది. ఇంకేముంది, పెరట్లోకి కూడా జారిపోతుందేమోనని భయపడి, వంటింటి గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు గోడ కట్టేశాడు. తీరా చూస్తే గోడకి ఇవతల తను, అవతల పెళ్ళాం. బుల్లబ్బాయి గోడ మీదికి వంగాడు.

"ఏమే, ఇది నేల వాలు కాదు కదా? నా మీద కోపమా?"

వరాలు ఇక ఆపుకోలేకపోయింది. "కోపమేంటండీ! నొప్పండి. చెబితే నన్ను ముట్టుకోరేమోనని భయమండి."

"ఎప్పట్నించే?"

"మొదటి రెండు ఇటికలకి ముందునించండి."

బుల్లబ్బాయి గోడ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, టక్కున లేచాడు. "రాపిడన్నమాట! రాపిడికి నూనె కదా మందు! ఊరందరి మిషన్లకీ చెప్పేవాణ్ణి, నీకు చెప్పలేకపోయాను చూడు!" అని మిషన్ల నూనెడబ్బా పట్టుకొచ్చాడు.

వరాలు ఆ డబ్బా ఇత్తడి ముక్కుని చూసింది. "డాక్టరమ్మగారిని అడిగొద్దామండి" అంది. ఆ ఇంట్లో ఆ ఏడాది పుట్టిన మంచి ఆలోచన అదొక్కటే.

డాక్టరమ్మ డబ్బాని చూసి ముందు దాన్ని బల్ల కింద పెట్టించింది. తర్వాత వరాలిని పరీక్ష చేసి నెమ్మదిగా చెప్పింది. "ఈ వయసులో చాలామందికి ఇలా అవుతుందమ్మా. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దీనికి లూబ్రికెంటని జారుడు మందుంటుంది. నెలసరి పూర్తిగా ఆగేదాకా కడుపు రావచ్చు, అందుకని నేను చెప్పేదాకా కండోమ్ మానొద్దు. నూనె తగిలితే ఆ రబ్బరు చిరుగుతుంది, కాబట్టి మిషను నూనే కాదు, కొబ్బరినూనె కూడా వద్దు. నీళ్ళతో చేసినది తీసుకోండి. రంగూ వాసనా లేనిదైతే మేలు. ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి ఒక రోజు చూడండి. దురద, మంట లేకపోతే వాడుకోండి. ఆరిపోతే ఇంకాస్త రాసుకోవచ్చు. తొందరపడకండి. బుల్లబ్బాయి గారూ, నొప్పిగా ఉందా అని మీరు అడగాలి. ఉందంటే ఆపెయ్యాలి. వరాలమ్మా, మీరు నోరు తెరిచి చెప్పాలి."

"ఆయ్, అలాగేనండి" అన్నారిద్దరూ.

దారిలో బుల్లబ్బాయి ఆలోచించాడు. నీళ్ళతో చేసింది. రంగు ఉండదు. వాసన ఉండదు. "ఓసి, నీళ్ళే! పాపం ఈ డాక్టర్లకి సూటిగా చెప్పడం రాదే!" అన్నాడు. డబ్బులు మిగిలాయని జీళ్ళు కొనుక్కుని ఇంటికొచ్చి, చెంబుడు నీళ్ళు తీసి వరాలు మోచేతికి రాశాడు.

ఒక రోజు చూడమంది కదా. అంతే, నలుగురూ చుట్టూ కూర్చుని ఆ మోచేతిని చూడ్డం మొదలుపెట్టారు. రెప్ప వేస్తే చూడనట్టే కదా, అందుకని వంతులవారీగా రెప్పలు వేశారు. ఆరిపోతే మళ్ళీ రాశారు. ఇంతలో ఒక దోమ వచ్చి సరిగ్గా అక్కడే వాలింది. చిట్టబ్బాయి చెయ్యెత్తాడు.

"ఆగవయ్యా! డాక్టరమ్మగారు చూడమన్నారు గానీ కొట్టమన్నారా?" అంది పాపాయమ్మ.

నిజమే. నలుగురూ చూశారు. దోమ తాగినంత తాగి ఎగిరిపోయింది. మోచెయ్యి ఎర్రగా పొంగింది, దురద పెట్టింది.

"బాబోయ్, మనకి నీళ్ళు పడవు!" అన్నాడు బుల్లబ్బాయి.

ఇంకేముంది, పాపాయమ్మ బిందెలన్నీ పారబోసింది. స్నానాలు లేవు, అన్నం వండలేదు. మజ్జిగ తాగుదామంటే అందులో నీళ్ళున్నాయి. కొబ్బరిబోండం కొట్టుకుందామంటే అందులోనూ నీళ్ళే. మర్నాటికి నాలుకలు అంగిళ్ళకి అంటుకుపోయాయి. ఇక ఈ జన్మకి తన చాప ఆయన చాప పక్కకి చేరదని వరాలికి దిగులు పుట్టి కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకే, అవీ నీళ్ళే! బుగ్గలు దురదెడతాయి" అన్నాడు బుల్లబ్బాయి. అని తనూ ఏడ్చాడు.

ఆ అవతారాలతోనే మొగుడూ పెళ్ళాలు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ చెరో గ్లాసు మంచినీళ్ళు ఇవ్వబోతే ఇద్దరూ తలుపు వెనక దాక్కున్నారు. సంగతి విన్నాక ఆవిడ చాలాసేపు కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నీళ్ళు తాగించి, "అది ట్యూబులో వస్తుంది, మందుల షాపులో అడగండి. దోమ కుట్టకుండా చూసుకోండి" అని పంపించింది.

ఆ రోజు సంత. మందుల షాపు నిండా జనం. సిగ్గుపడాల్సింది ఏమీ లేదని చెప్పారు కదా, బుల్లబ్బాయి పడలేదు.

"బాబూ! నేనూ మా వరాలూ హాయిగా ఉండాలండి! నీళ్ళతో చేసిన లూబ్రికెంటు ఒకటివ్వండి!"

షాపంతా ఒక్కసారి పైకప్పు వైపు చూసింది. షాపాయన చెవులు కందిపోయాయి. గొంతు తగ్గించి, ఒకటి స్ట్రాబెర్రీ వాసనదనీ, ఒకటి వేడి పుట్టిస్తుందనీ గొణిగాడు.

"పళ్ళు సంతలో ఉన్నాయండి, వేడికి ఇంట్లో పొయ్యుందండి. మాకు ఉత్తదే చాలు" అంది వరాలు.

షాపాయన ట్యూబుని పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, కవరుకి ముడేశాడు.

"ఇన్ని బట్టలెందుకండి, దీనికి జలుబా?" అని బుల్లబ్బాయి అన్నీ విప్పేసి ట్యూబు చేత్తో పట్టుకుని బయల్దేరాడు. వెనకాల నిలబడ్డ కళ్ళజోడావిడ అటూ ఇటూ చూసి, "ఆయనకిచ్చిందే నాకూ ఒకటి" అనడం వరాలికి వినబడింది. తెలివైనవాళ్ళు తమలాగే ఆలోచిస్తారని ఆమె సంతోషించింది.

ఈసారి వరాలు మోచేతికి దోమతెర కట్టారు. మిగతా వరాలు బయటే ఉంది. చేతికి దురద లేదు, మంట లేదు. దోమలు మిగతా వరాలిని కుట్టాయి గానీ ఆ సంగతి డాక్టరమ్మ అడగలేదు కదా.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముణ్ణీ మరదల్నీ సంతకి తోలేసి, బుల్లబ్బాయి గోడ తియ్యడం మొదలుపెట్టాడు. తొందరపడొద్దన్నారు కాబట్టి ఒక ఇటిక తీసి, తుడిచి, కాసేపు చూసి, రెండోది తీశాడు. పొద్దు వాలిపోతోంది. వరాలు చీర కాస్త ఎత్తిపట్టి గోడ దాటేసింది.

"నొప్పా?" అని అడిగాడు.

"ఇంకా చాప కూడా పరవలేదండి."

తర్వాత కూడా అడిగాడు. అడుగడుక్కీ ఆగి అడిగాడు. వరాలు ప్రతిసారీ నోరు తెరిచి చెప్పింది. ఒకసారి ఆగమంది, ఆగాడు. ఇంకాస్త రాసుకుందామంది, రాసుకున్నారు. ఇక నొప్పి లేదు. పోయిందనుకున్న హాయి మళ్ళీ తిరిగొచ్చింది. ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పడానికి భయపడి ఇంట్లో గోడ లేపించుకున్నానే అనుకుని ఆమె పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి రెండు చాపలూ ఒకదాని అంచు మీద ఒకటి.

అక్కడితో ఆగితే వాళ్ళు తెలివైనవాళ్ళు ఎందుకవుతారు?

బుల్లబ్బాయికి ఆనందం పట్టలేదు. "మా వరాలికే ఇంత సుఖమిచ్చింది! ఇన్నేళ్ళూ పాపం ఆ మిషన్లకి నూనె పోసి చంపేశాను!" అన్నాడు. అంతే, నూనెడబ్బా కాలవలో పారేశాడు. షాపులో ఉన్న ట్యూబులన్నీ కొనుక్కొచ్చి ఊళ్ళో మిషన్లన్నిటికీ పిండేశాడు. నాలుగు రోజుల్లో చక్రాలు తుప్పుపట్టి మొండికేశాయి. రవికలు కుట్టే సూర్యకాంతం తన మిషనుని రిక్షాలో వేసుకొచ్చి గుమ్మంలో దింపింది.

"ఏం చేశావయ్యా దీన్ని? తొక్కుతుంటే కీచుమని అరుస్తోంది!"

బుల్లబ్బాయి నెత్తి కొట్టుకున్నాడు. "తప్పయిపోయిందండి! ముందు మోచేతికి రాసి చూడలేదు!"

నలుగురూ మిషను చుట్టూ తిరిగి మోచెయ్యి కోసం వెతికారు. దొరకలేదు. అప్పుడు బుల్లబ్బాయి దాని పక్కన గొంతుక్కూర్చుని, చక్రం మీద చెయ్యి వేసి, వరాలిని అడిగినంత ప్రేమగానే అడిగాడు. "నొప్పిగా ఉందా అమ్మా?"

మిషను పలకలేదు. చిట్టబ్బాయి చెవి ఆనించాడు. ఏమీ లేదు. సూర్యకాంతం నోరు తెరుచుకుని చూస్తోంది.

వరాలికి మాత్రం అర్థమైంది. ఆ బాధ ఆమె పడింది కదా.

"ఇంతమంది ఎదుట ఎలా చెబుతుందండీ, పాపం!" అని కసిరి, అందరినీ వీధిలోకి గెంటేసి తలుపు దగ్గరగా వేసింది. మిషను పక్కన తన చాప పరుచుకుని, దాని మీద చెయ్యి వేసి పడుకుంది. "సిగ్గుపడకే. నేను కూడా చాన్నాళ్ళు చెప్పలేదు. నువ్వు చెప్పేదాకా ఎవర్నీ తొక్కనివ్వను" అంది.

సూర్యకాంతం ఇంకా ఆ గుమ్మంలోనే కూర్చునుంది. మిషను ఇంకా నోరు విప్పలేదు.