మసి తగలని ఆకు

అనగా అనగా, తాటాకే కాగితమైన కాలంలో, గంటమే కలమైన కాలంలో, కొండ కింద ఒక ఊరు. ఊరికో దొర. దొరకో కవిలెకొట్టు. ఏ గట్టు ఎవరు కట్టారు, ఏ బాట ఎవరు వేశారు, అన్నీ తాటాకుల మీద రాసి, కట్టలు కట్టి ఆ కొట్టులో దాచేవారు. ఆ కట్టలనే కవిలెలు అనేవారు. ఊఁ కొడుతున్నారా? కొట్టాలి మరి, కొట్టకపోతే నేను చెప్పను.

ఆ కొట్టులో నూకాలు అని ఒక మనిషి పనిచేసేది. తాటాకు మీద గంటంతో గీస్తే అక్షరం పడుతుంది గాని కంటికి ఆనదు. ఆకు రంగూ గీత రంగూ ఒకటే కదా. దీపం మసిలో ఆకు పసరు కలిపి పైన రుద్ది, గుడ్డతో తుడిచేస్తే, గీతల్లో నలుపు నిలిచి అప్పుడు అక్షరం లేస్తుంది. ఆ రుద్దే పని నూకాలుది. రాసినవాళ్లకి శాలువా కప్పారు. రుద్దినందుకు ఈవిడకి మసి నూకాలు అని పేరు పెట్టారు. లోకం తీరే అంత.

నూకాలుకి అక్షరం ముక్క రాదు. కానీ ఆమె బొటనవేలికి తెలియకుండా ఆకు మీద గీత ఉండేది కాదు.

ఆమె వయసులో ఉండగా ఒకనాడు, దొరగారి రాతపని చూసే రాయసం పేర్రాజుగారు ఒక కట్ట ఇచ్చి కట్టమన్నాడు. ప్రతి కట్టకీ పైన ఒకటి, కింద ఒకటి ఉత్త ఆకులు పెడతారు, లోపలి ఆకులు నలగకుండా. వాటిని కాపు ఆకులు అంటారు. వాటినెవరూ చదవరు. ఏముందని చదువుతారు? నూకాలు కింది కాపు ఆకు మీద వేలు పెట్టింది. వేలు ఆగిపోయింది.

"బాబూ, దీనికి మసి పూయనేదండి."

"అది ఉత్త ఆకే నూకాలూ. కట్టెయ్."

"కన్ను ఉత్తదే అంటంది బాబూ. ఏలు కాదంటంది."

పేర్రాజుగారు వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఇప్పుడు పూస్తే నా తల పోతుందే. అడిగే రోజంటూ వస్తే పూద్దువుగాని. అందాకా చెద పట్టకుండా చూడు."

అందులో ఏముందో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. పేర్రాజుగారు పోయాడు. పాత దొర పోయాడు. నూకాలు తల నెరిసింది. ఏటా ఆ ఆకుకి నిమ్మగడ్డి నూనె రాసేది, ఎండ చూపించేది, మళ్లీ కట్టేది.

కొత్త దొరకి ఒక తోట వేయాలని బుద్ధి పుట్టింది. ఎక్కడ? ఊరి చివర తవ్వోళ్లపేట ఉన్న చోట. కొండమీది గెడ్డ నుంచి, అంటే వాగు నుంచి, ఊళ్లోకి కాలవ తవ్వినవాళ్ల పిల్లలు ఉండే పేట అది. నూకాలు పుట్టిన పేట. కాలవ తవ్వినందుకే ఆ నేల ఇచ్చారని వాళ్లంటారు. దొరేమో, "కాలవ తవ్వింది మా నాయన. కవిలెలో మీ పేర్లు ఉంటే చూపించండి. లేకపోతే ఏరువాక పున్నమికల్లా కట్టుబట్టలతో కదలండి" అన్నాడు.

కొత్త రాయసం సూరప్ప వెతికాడు. మంచివాడే, కానీ కంటికి కనపడిందే నిజం అనుకునే రకం. కాలవ సంగతి రాసిన కట్ట విప్పాడు, చదివాడు. దొర తండ్రి పేరే ఉంది. "లేదు," అన్నాడు.

పై ఊరి నుంచి పెద్ద పండితుణ్ణి పిలిపించారు. ఆయన ఒకటికి మూడుసార్లు చదివాడు. "లేదు," అన్నాడు.

పేటలో పొయ్యిలు చల్లారాయి. ఆడవాళ్లు గిన్నెలూ చేటలూ మూట కడుతున్నారు. వాళ్లు విప్పి చూసిన కట్ట పేర్రాజుగారు ఇచ్చిన కట్టేనని నూకాలుకి తెలుసు. ఆకులో ఏముందో ఏమో! తన వాళ్ల పేరే ఉందని ఎవరు చెప్పారు? కవిలె మీద చెప్పకుండా చెయ్యి వేస్తే ఈ ముసలితనంలో కొట్టులోంచి గెంటేస్తారు. అయినా లేచింది. మసి గిన్నె పట్టుకుని దొర కొలువుండే కచేరీకి వెళ్లింది.

"అయ్యా, ఇద్దరు సూశారు. ఇద్దరూ కళ్లతోనే సూశారు. కన్ను లేదంది. ఏలునడగండి."

అంటూనే అక్కడ విప్పి ఉన్న కట్ట అడుగు నుంచి కాపు ఆకు లాగి, మసి రుద్ది, గుడ్డతో తుడిచింది. నల్లగా, బారుగా, వరసలు వరసలుగా అక్షరాలు లేచాయి.

సూరప్ప ముఖం పాలిపోయింది. తనకి తాను సర్దిచెప్పుకోవాలి కదా, "ఇది ఎవరిచేతో ఈమధ్య రాయించి దూర్చిందేమో!" అన్నాడు.

"నాకు సదువు రాదు బాబూ. ఇందులో ఏటుందో నాకిప్పటికీ తెల్దు. మీరు ఆకు పట్టుకోండి, పైకి సదవకండి. మా పేట ఆడోళ్ల చేత కాలవ తవ్వినోళ్ల మీద పాడే ఊడుపుల పాట పాడించండి. రెండూ కలిస్తే సరి. కలవకపోతే నన్ను మీ ఇట్టం వచ్చినట్టు చెయ్యండి."

పిలిపించారు. మూటలు కడుతున్నవాళ్లు కడుతున్నట్టే వచ్చి వరసగా నిలబడి ఎత్తుకున్నారు.

"తొలి గునపం సన్నాసిది, తొలి తట్ట పైడమ్మది,
రాతి మలుపు ఎర్రాజిది, బంక మలుపు గంగులుది..."

సూరప్ప వేలు ఆకు మీద కదులుతోంది. సన్నాసి, ఉంది. పైడమ్మ, ఉంది. ఎర్రాజి, గంగులు, ఉన్నారు. ఎనిమిది పేర్లు వచ్చాయి. పాట వరసే ఆకు వరస. చివరికి పాట ఇలా ముగిసింది:

"ఆఖరి తట్ట ఎవరిదమ్మా, పేరు మరిచిన తల్లిదమ్మా!"

సూరప్ప వేలు ఆఖరి వరస మీద ఆగింది. "ఇక్కడ ఉంది," అన్నాడు. "ఆఖరి తట్ట బోడెమ్మ. గట్టు విరిగి మీద పడి పోయింది."

పిల్లాజెల్లా లేని మనిషి, అందుకే పేరు జారిపోయింది. ఎన్నో ఏళ్లుగా పాడుతున్నవాళ్లు ఆ పేరు విని, "మా బోడెమ్మా!" అంటూ ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. ఎవరు ఏ మలుపు తవ్వారో ఆకుకి తెలియదు, పాటకి తెలుసు. పోయినావిడ పేరు పాటకి తెలియదు, ఆకుకి తెలుసు.

"మా నాయన సంగతి ఏం రాశాడు?" అన్నాడు దొర.

సూరప్ప నీళ్లు నమిలాడు. "దొరవారు రోజూ వచ్చి గొడుగు కింద కూర్చుని చూసేవారు. పని పూర్తయ్యాక ఈ నేల వీళ్లకి ఇచ్చారు. అని ఉందండి."

దొర ఆకు వంక చూశాడు, ఆడవాళ్ల వంక చూశాడు. నవ్వాడు. "గొడుగు కింద కూర్చున్నాడంటే మా నాయనే. సందేహం లేదు. ఇచ్చిన నేల నేనెలా లాక్కుంటాను, పోండి," అన్నాడు.

ఆ రోజు నుంచి సూరప్ప మారిపోయాడు. నూకాలుని పక్కన కూర్చోబెట్టుకుని కొట్టులోని కాపు ఆకులన్నీ తడిమించాడు. ఏ కట్ట విప్పినా అందులో రాసిన చోటికి స్వయంగా వెళ్లి, అక్కడివాళ్లు ఏం పాడుకుంటారో, ఏం చెప్పుకుంటారో అడిగి వచ్చాకే ఉందనో లేదనో అనేవాడు.

కొన్నేళ్లకి నూకాలు పోయింది. ఆమె పేరు ఏ కవిలెలోనూ లేదు. ఆకుల అంచుల్లో నల్లటి బొటనవేలి ముద్రలున్నాయి, అంతే. సూరప్ప ఒక ఆకు తీసుకుని గంటంతో ఆమె పేరు గీశాడు. మసి గిన్నె ముందుకు లాక్కున్నాడు గాని చెయ్యి రాలేదు. ఆ పని ఆమెది. ఆకుని అలాగే పట్టుకెళ్లి తవ్వోళ్లపేటలో ఇచ్చాడు.

ఇప్పటికీ అక్కడ ఏటా కాలవకి నీళ్లు వదిలే రోజున ఒక కొత్త ఆకు మీద పేరు గీసి, మసి పూయకుండా ఒకరి చేతి నుంచి ఒకరికి అందిస్తారు. ముసలీ ముతకా, పిల్లా పెద్దా అందరూ బొటనవేలితో తడుముతారు. చదువు రానివాళ్లు ఎవరైనా ఉంటే ఆఖరున వాళ్ల చేతే మసి రుద్దిస్తారు. అక్షరాలు లేవగానే, "నూకాలు!" అని పేట పేటంతా ఒక్క గొంతుతో చదువుతుంది.

ఆ చుట్టుపక్కల ఎవరైనా పుస్తకం మూసేసి, "ఇందులో ఏమీ లేదు" అన్నారనుకోండి, వెంటనే అడుగుతారు, "నూకాలు వేలు పడిందా?" అని.

కథ కట్టలోకి, కట్ట కొట్టులోకి. ఇక మీ బొటనవేళ్లు చూపించండి, మసి ఎవరికి అంటిందో చూద్దాం.