ముత్యాలు నీటిగండం

అనగనగా గోదారి గట్టున ఒక ఊరు, ఆ ఊళ్ళో పోలయ్య అనే పడవవాడు. రోజూ ఊరందరినీ ఏరు దాటించేవాడు. కూతురు ముత్యాలుని మాత్రం పడవ మీద కాలు పెట్టనిచ్చేవాడు కాదు.

ఎందుకంటావా? ముత్యాలుకి ఆరేళ్ళప్పుడు ఒక జోస్యుడు వచ్చి, జాతకం విప్పి, "ఎనిమిదో ఇంట చంద్రుడు! పిల్లకి నీటిగండం!" అన్నాడు. చేటెడు బియ్యం పోయించుకుని వెళ్ళిపోయాడు. ఏ ఏట గండమో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

అప్పట్నుంచి ముత్యాలు రేవులో దిగకూడదు. వానలో తడవకూడదు. స్నానానికైనా రెండు చెంబులే. అమ్మమ్మ ఊరేమో ఏటికి అవతల. అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు, పడవెక్కలేదు. ముత్యాలు ఆవిణ్ణి చూసి నాలుగేళ్ళయింది.

ఆ ఏడు అవధానులుగారని ఒక పెద్దాయన ఆ ఊరొచ్చి కాపురం పెట్టారు. జాతకాలు చూస్తారు. తొందరపడి మాట మాత్రం చెప్పరు. ముత్యాలు ఆయన దగ్గరికి వెళ్ళింది.

"అయ్యవారూ, నా గండం ఎప్పుడు పోతుందండీ?"

"నేను చెప్పను. నేర్పుతాను, నువ్వే చూసుకో. పొద్దు పొడిచేసరికి అరుగు మీదుండాలి. ఒక్కరోజు మానినా మళ్ళీ రావద్దు."

ముత్యాలు ఒక్కరోజూ మానలేదు. ముగ్గుతో పన్నెండు గళ్ళు గీసేది. తొమ్మిది గ్రహాలకి తొమ్మిది చింతపిక్కలు పెట్టేది. కొన్నాళ్ళకి సొంత జాతకం పరిచింది. చంద్రుడి పిక్క ఎనిమిదో గడిలో పడింది.

"అయ్యో, గండమే!" అని ఏడుపందుకుంది.

"ఒక్క పిక్క చూసి నోరు తెరుస్తావా? ఇంటికి పో!" అన్నారు అవధానులుగారు.

మర్నాడు ఆయనే, "ఆ చంద్రుణ్ణి ఎవరు చూస్తున్నారో లెక్కపెట్టు," అన్నారు. ముత్యాలు గళ్ళు లెక్కపెట్టింది. రెండో గడిలో గురువున్నాడు, సరిగ్గా ఎదురింట్లో! గురువు చూపు పడితే గండం వచ్చినా ప్రాణం దక్కుతుంది.

ముత్యాలు పరుగున వెళ్ళి తండ్రికి చెప్పింది.

"వచ్చినా అన్నావా? అంటే ఇంకా రావాలన్నమాట! పడవ సంగతి ఎత్తకు," అన్నాడు పోలయ్య.

ఆ తర్వాత అవధానులుగారు దశలు లెక్కకట్టడం నేర్పారు. ముత్యాలు కట్టింది. గండం ఐదో ఏట అని తేలింది. "నాకు పదేళ్ళండీ! దాటేసింది!" అని గంతులేసింది.

"ఆగు. ఐదో ఏట ఏం జరిగిందో కనుక్కురా. జరిగినదానితో కలవకపోతే నీ లెక్క చెరిపెయ్యాలి. జరిగింది చెప్పలేని లెక్క జరగబోయేది ఏం చెబుతుంది?"

అప్పుడు ముత్యాలు తండ్రిని అడిగింది. పోలయ్య ఆలోచించాడు. "ఐదో ఏట నీకు జలుబైనా చెయ్యలేదే," అన్నాడు.

ముత్యాలు ముఖం వాడిపోయింది. అయ్యవారితో చిన్న అబద్ధం ఆడితే పడవెక్కచ్చు. కాని అది అబద్ధాలాడే పిల్ల కాదు. "అయితే నా లెక్క తప్పు. వెళ్ళి చెరిపేస్తాను," అని గుమ్మం దిగింది.

"చెరపకే!" అని తల్లి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఐదో ఏట పెరట్లో కుడితి గోలెంలో తలకిందులుగా పడ్డావు. కాళ్ళు పట్టుకుని లాగాను. మీ అయ్య నన్ను చంపేస్తాడని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

పోలయ్య నెత్తి కొట్టుకున్నాడు. "గోలెంలోనా! నాలుగేళ్ళుగా నేను గోదారిని కాపలా కాస్తున్నానే!"

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. తల్లి మాత్రం, "ముందే చెప్పవలసింది. నా భయం పిల్లని కట్టేసింది," అని కళ్ళొత్తుకుంది.

ముత్యాలు వెళ్ళి చెబితే, "లెక్క కలిసింది," అన్నారు అవధానులుగారు.

"రేపే పడవెక్కనా అయ్యవారూ?"

"ఈత నేర్చుకుని ఎక్కు. జాతకం బాగుంటే ఈత అక్కర్లేదని ఏ గడిలోనూ రాసిలేదు."

పోలయ్యే దగ్గరుండి ఈత నేర్పాడు. నెల తిరిగేసరికి ముత్యాలు పడవెక్కింది. అవతలి గట్టున అమ్మమ్మ కర్ర పట్టుకుని నించుని, "ఇంత పొడుగయ్యావేమే!" అంటూ ఆ కర్ర అక్కడే వదిలేసి రెండు చేతులా వాటేసుకుంది.

పడవేమో రేవు చేరే,
కథేమో కంచి చేరే,
మా బుజ్జి కంటికేమో
కునుకొచ్చి చేరే!