కేశవులు కట్టిన కోట

చెన్నకేశవులికి కుళ్ళు పుట్టింది. తోటి శిష్యుడి మీదో, మేనత్త కొడుకు మీదో అయితే ఎవరికైనా చెప్పుకుని కడుపుమంట చల్లార్చుకునేవాడు. అతని కుళ్ళంతా ఒక ఆట మీద. అదీ అతను పుట్టకముందే పుట్టిన ఆట మీద.

నంద్యాలలో దస్తగిరి ఉస్తాద్‌కు ఒక కంప్యూటర్ ఆటల హాలు ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయన తుపాకీ ఆటలకు గదులు కట్టేవాడు. ఆడేవాడి చేతిలోనే తుపాకీ ఉన్నట్టు, వాడి కళ్ళతోనే అంతా చూస్తున్నట్టు సాగే ఆటలవి. గోడ ఎక్కడ లేపాలి, తలుపు ఎక్కడ దాచాలి, ఏ మలుపులో మనిషి గుండె ఝల్లుమనాలి, అదంతా ఒక విద్య. ఆ విద్య కోసమే కేశవులు ఆయన దగ్గర చేరాడు.

హాలు నడిమధ్య ఒక బల్ల ఉంటుంది. గుమ్మం దాటినవాడి చూపు ముందు దాని మీదే పడుతుంది. ఆ బల్ల మీద ఏ ఆట ఉండాలన్నది ఉస్తాద్ ఇష్టం. శిష్యుడు కట్టిన ఆట ఆ బల్ల ఎక్కిందంటే వాడి చదువు పూర్తయినట్టే. కానీ ఏళ్ళ తరబడి ఆ బల్ల మీద ఒకే పాత ఆట కూర్చుని ఉంది, కాళ్ళు చాపుకుని.

కేశవులు ఒక కోట కట్టాడు. అందులో వాన కురుస్తుంది. తడిసిన రాళ్ళ మీద కాగడా వెలుగు జారుతుంది. దూరంగా నెమలి అరుస్తుంది. కోట వెనక మెట్ల బావి ఉంది. ఆ బావి కోసం అతను ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నాడో వాళ్ళమ్మను అడగాలి. ఆడేవాడు ఎక్కడా తికమక పడకుండా తెర పైభాగాన ఒక పసుపు బాణం పెట్టాడు. అది ఎటు చూపితే అటు పోతే చాలు.

ఉస్తాద్ చూశాడు. "బావి బాగా తవ్వినావు బేటా" అన్నాడు. బల్ల సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆ రోజు నుంచి కేశవులికి ఆ పాత ఆట కంట్లో నలుసైంది. ఏముంది దాంట్లో? రాక్షసులు అట్టముక్కల్లా ఉంటారు. దగ్గరికి పోతే గోడలు గళ్ళ దుప్పట్లా విడిపోతాయి. తలెత్తి పైకి చూద్దామంటే మెడే లేవదు. అయినా జనం వచ్చీ రాగానే దాని ముందే కూలబడతారు.

ఒకనాడు పొద్దున్నే ఉస్తాద్ మసీదుకు పోయిన సమయం చూసి, ఆ ఆట ఉన్న పాత డబ్బా తెర తీసేసి కొత్త వెడల్పు తెర పెట్టాడు. "పాతది మినుకుమినుకుమంటోంది ఉస్తాద్" అని తర్వాత చెప్పాడు. అది నిజమే. చెప్పనిది ఏమిటంటే, బొమ్మను ఆ తెరకు సరిచేయకుండా వదిలేశాడు. పాత చదరపు తెర కోసం గీసిన బొమ్మ అడ్డంగా సాగి, రాక్షసులు పొట్టిగా, లావుగా, పెళ్ళి భోజనం చేసి లేచినట్టు తయారయ్యారు.

అతను అనుకున్నట్టే అయింది. పేరు విని వచ్చిన కాలేజీ పిల్లలు కాసేపు ఆడి నవ్వారు.

"దీనికేనా అంత పేరు?"

"మా నాయన దీని గురించి ఎంత కోసినాడురా సామీ!"

లేచిపోయారు. కేశవులు పైకి "పాతది కదా తమ్ముడూ, పాపం" అన్నాడు. లోపల పాయసం తాగినట్టుంది.

ఆదివారం మధ్యాహ్నం మద్దిలేటి వచ్చాడు. విత్తనాల అంగడి నడుపుతాడు. కాలేజీ ఎగ్గొట్టి ఈ హాల్లోనే పెరిగినవాడు. మళ్ళీ గుమ్మం తొక్కడం ఇన్నేళ్ళకు.

"బాగున్యారా ఉస్తాద్? అది ఇంకా ఉన్యాదా?"

ఉస్తాద్ బల్ల వైపు చూపించాడు. మద్దిలేటి చొక్కా చేతులు మడుచుకుని మరీ కూర్చున్నాడు. కాసేపటికే ముఖం వాడిపోయింది.

"ఏందప్పా ఇది, ఇంత మొరటుగా ఉన్యాదే! నా తలకాయలో వేరేగా ఉండె. పొగ, మంట, పెద్ద పెద్ద నడవాలు... ఇవేనా అవి?"

మొదటి మలుపులోనే చచ్చాడు. రెండోసారీ చచ్చాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. పక్క బల్ల దగ్గర కేశవులు తుడిచిన తెరనే మళ్ళీ తుడుస్తున్నాడు.

లేవబోతున్న మద్దిలేటి చేయి మౌస్ మీద ఆగింది. "ఉండుండు. ఈడ ఒకటి..." అతని చేయి తనంతట తానే ఎడమకు తిరిగింది. ఒట్టి గోడ. దాని ముందు నిలబడి మీట నొక్కాడు. గోడ గరగరమంటూ పైకి లేచింది.

"ఉస్తాద్! ఉన్యాది! యాడ చూసినామో ఆడనే ఉన్యాది!" హాలంతా అదిరేలా అరిచాడు.

ఇక లేవలేదు. నడవాలు అతనికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎక్కడ వంగాలో, ఎక్కడ పరుగెత్తాలో తెర కంటే ముందే భుజాలు చెప్పాయి. చాలాసేపటికి గానీ, "ఈ నా కొడుకులేంది, బర్రెల మాదిరి బలిసినారు?" అని అడగలేదు.

ఉస్తాద్ వచ్చి తెర చూశాడు. తర్వాత కేశవుల్ని చూశాడు. వంగి బొమ్మను సరిచేశాడు. రాక్షసులు సన్నబడ్డారు. "కొత్త తెర కదా, కుదరలేదంతే" అని పోయి తన కుర్చీలో కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కేశవులికి.

ఉండబట్టలేక మద్దిలేటి పక్కకు చేరాడు. "అన్నా, ఇది నేను కట్టినా. ఒక్కసారి ఆడి చూడు."

మద్దిలేటి మంచివాడు. కోటలోకి పోయాడు. వానకు ఆహా అన్నాడు, కాగడాలకు ఓహో అన్నాడు, బాణం వెంట చివరి దాకా పోయి లేచాడు.

"బ్రహ్మాండం తమ్ముడూ. సినిమా మాదిరి ఉన్యాది."

"బావి చూసినావా అన్నా?"

"బావి ఉన్యాదా?"

"దాని పక్కనుంచే కదన్నా పోయినావు!"

"ఏమో అబ్బా, బాణం చూస్తా పోయినా." అని పాత ఆట దగ్గరికే తిరిగిపోయాడు. దీపాలు పెట్టే వేళకు ఇంటినుంచి ఫోనొస్తే గానీ కదల్లేదు.

అతను గుమ్మం దాటగానే కేశవులు బద్దలయ్యాడు.

"ఏముంది ఉస్తాద్ దాంట్లో? చూసిన ప్రతివాడూ ముందు ముఖం చిట్లిస్తాడు. ఈయన గూడా చిట్లించినాడు, మీరే చూసినారు. మళ్ళీ దాని కాళ్ళ కాడికే పోతాడు. నా కోటను బ్రహ్మాండమంటాడు, బావి ఉన్యాదా అంటాడు! నాకేం తక్కువ?"

ఉస్తాద్ గోడకున్న క్యాలెండర్లో గడిచిపోయిన నెల కాగితం మూల చింపాడు. ఆ ముక్కను తడిపి, కేశవులి ఆట నడుస్తున్న తెర పైభాగాన అతికించాడు. పసుపు బాణం దాని కింద మాయమైంది.

"బావి కాడికి తీసుకపో నన్ను."

కేశవులికి నవ్వొచ్చింది. "నేను తవ్విన బావి ఉస్తాద్."

"అందుకే నిన్ను అడిగినా."

పెద్ద దర్వాజా దాటాడు. లోపల ఆవరణ, మూడు దార్లు. కుడివైపు పోయాడు, ధాన్యపు కొట్టు వచ్చింది. వెనక్కి వచ్చి నడిమి దారి పట్టాడు. కాగడాలు, తడి రాళ్ళు, మలుపు. మళ్ళీ కాగడాలు, తడి రాళ్ళు, మలుపు. ఒక్కో రాయిని ఎంత ముద్దుగా చెక్కాడో అతనికి గుర్తుంది. ఏ రాయి ఎక్కడిదో గుర్తు లేదు. వాన సరిగా పడుతోందా, వెలుగు సరిగా జారుతోందా అని ఈ కోటలో ఎన్నిసార్లు తిరిగాడో లెక్క లేదు. తిరిగిన ప్రతిసారీ బాణం వెంటే తిరిగాడు.

నెమలి అరిచింది. ఆ అరుపు బావి పక్కనుంచే రావాలి. అటు పరుగెత్తాడు. ఎదురుగా పెద్ద దర్వాజా.

చేయి దానంతటదే కాగితం మీదికి పోయింది. అంచు పట్టుకున్నాడు. పక్కన ఫ్యాన్ తిరుగుతోంది.

కేశవులు చేయి దించాడు. చెవులు ఎర్రబడ్డాయి. కోటలో వాన తన మానాన తను కురుస్తూనే ఉంది. ఈసారి పరుగెత్తకుండా, గోడను ఒరుసుకుంటూ నెమ్మదిగా ఎడమ దారిలోకి నడిచాడు.

ఉస్తాద్ తన కుర్చీని అతని కుర్చీ పక్కకు లాక్కున్నాడు.

"ఈ కోటలో దావ తప్పిన మొదటి మనిషివి నువ్వే బేటా," అన్నాడు. "నడువు, నేనూ వస్తా."